చక్రం ఆడితే ఆటేనా?
పాత స్పోర్ట్స్ కార్ల మీద వచ్చిన ఒక తెలుగు అనువాదంలో ‘వెనక చక్రం బేరింగులో ఆట ఉంది’ అని చదివి నవ్వుకున్నాను. మన షెడ్లలో ఎవరైనా ‘ప్లే వచ్చింది’ అంటారు, లేకపోతే ‘చక్రం ఆడుతోంది’ అంటారు. ఆ ఇంగ్లీషు మాటకు పాత రూపం ‘ప్లెగా’. అందులో క్రీడతోపాటు చురుకైన కదలిక కూడా ఉంది. మన ‘ఆడు’ కూడా అంతే: గాలి ఆడదు, ఊపిరి ఆడదు, భయపడితే కాళ్లూ చేతులూ ఆడవు, వదులు చొక్కా లొడలొడలాడుతుంది. అంటే క్రియగా కదలికను మోసే మాటే, ‘ఆట’ అనే నామవాచకం కాగానే పిల్లల వీధిలోకి పరుగెత్తింది. ‘ఊగిసలాట’లో మాత్రం పాత వాసన మిగిలింది. 1961లో వచ్చిన జాగ్వార్ ఈ-టైప్‌కైతే ఆ మాటే సరిగ్గా సరిపోతుంది. వెనక చక్రాన్ని జాకీ మీద లేపి, పన్నెండు, ఆరు గంటల చోట్ల పట్టుకుని ఊపితే టక్కుమంటుంది. వెంటనే బేరింగు పోయిందనుకోకూడదు. అందులో చక్రాన్ని తిప్పే షాఫ్టే సస్పెన్షన్‌కు పై చేయిగా కూడా పనిచేస్తుంది కాబట్టి, దాని యూనివర్సల్ జాయింటు అరిగినా చక్రం అలాగే ఊగుతుంది. ఒకరు ఊపుతుంటే మరొకరు లోపల చూడాలి: హబ్‌ను మోసే పోత కదలకుండా చక్రం ఒక్కటే ఊగితే బేరింగు, రెండూ కలిసి ఊగితే జాయింటో, కింది కీలో. పైగా ఆ బేరింగుకు వెంట్రుకవాసి ప్లే ఉండాల్సిందే. బిగించేస్తే వేడెక్కి పోతుంది. ‘ఊగిసలాట’ అని రాసుంటే నేను నవ్వేవాణ్ని కాదు.