పేరు మారిన పూలమొక్క

ఐరిస్ అనగానే తోటల మీద ఆసక్తి ఉన్నవారికి కాశ్మీరు గుర్తుకు వస్తుంది. అక్కడ సమాధుల మీద ఊదా, తెలుపు ఐరిస్‌లను నాటడం పాత ఆచారం. ఆ రకాలకు గట్టి చలి కావాలి. మన దక్కను ఎండల్లో ఆకు వేస్తాయేగాని పూయడం అరుదు. అయితే ఆ జాతిలోనే మన వేడికి తట్టుకొనేది ఒకటి ఉంది. మైలార్‌దేవ్‌పల్లిలో మా పెరటి ఎర్రనేలలో పూస్తున్నది. నారింజరంగు రేకులు, వాటిమీద ఎర్రని చుక్కలు. ఇంగ్లీషువారు లెపర్డ్ లిల్లీ అన్నారు. లిల్లీ మాత్రం కాదు.

దీని పేరు కథ పెన్షనరు మిత్రులు తెలుసుకోదగినది. కొచ్చిన్‌లో డచ్చివారి అధికారిగా ఉన్న వాన్ రీడ్ మలబారు మొక్కల మీద 'హోర్టస్ మలబారికస్' అనే 12 సంపుటాల గ్రంథం తయారుచేయించాడు. అది 1678 నుండి 1693 వరకు ఆమ్‌స్టర్‌డామ్‌లో అచ్చయింది. ఇట్టి అచ్యుతన్ వంటి స్థానిక వైద్యులు చెప్పిన వివరాలే దానికి ఆధారం. 1692 నాటి 11వ సంపుటంలో మన మొక్క 'బెలంకాండ' అనే మలబారు పేరుతో ఉంది.

తర్వాత 1753లో స్వీడను శాస్త్రజ్ఞుడు లిన్నేయస్ ఒకే గ్రంథంలో దీనికి రెండు పేర్లు రాశాడు. ఒకచోట ఇక్సియా చైనెన్సిస్, మరొకచోట ఆర్కిడ్ అనుకొని ఎపిడెండ్రమ్ డొమెస్టికమ్! సర్వీసు రిజిస్టరులో ఇంటిపేరు ఒక పేజీలో ముందు, మరో పేజీలో వెనుక పడితే పింఛను కాగితాలు ఎన్ని బల్లలు తిరుగుతాయో మనకు తెలియనిది కాదు. ఈ మొక్క ఫైలు 250 ఏళ్ళు తిరిగింది. 1763లో అడాన్‌సన్ అనే ఫ్రెంచి పండితుడు బెలంకాండనే ప్రజాతి పేరుగా స్థిరపరిచాడు. జన్యు పరీక్షల్లో ఇది ఐరిస్సేనని తేలడంతో 2005లో గోల్డ్‌బ్లాట్, మాబర్లీలు ఐరిస్ డొమెస్టికా అని మార్చారు. ఐరిస్ చైనెన్సిస్ అనడానికి వీలులేదు, ఆ పేరు అంతకుముందే వేరే మొక్కకు వాడారు. నిబంధన ప్రకారం సరే. కాని ఆర్కిడ్ అని పొరబడి రాసిన మాట నిలిచి, మలబారు వైద్యుల నోటిమాట రికార్డులోంచి పోవడం నాకు రుచించలేదు. నేను ఇంట్లో బెలంకాండ అనే పిలుస్తాను.

పెంచడం తేలిక. దుంప అల్లంలా నేలలో అడ్డంగా పాకుతుంది, పైపైనే నాటాలి. నీరు నిలిస్తే కుళ్ళుతుంది, కనుక కొంచెం ఎత్తుగా మడి కట్టాలి. ఆకులు విసనకర్రలా విచ్చుకుంటాయి. పూవు ఒక్కరోజుదే, సాయంత్రానికి మెలితిరిగి ముడుచుకుంటుంది. మరునాటికి ఇంకొకటి సిద్ధం. కాయ పగిలితే లోపల నేరేడుపండు నలుపులో మెరిసే గింజలగుత్తి! అందుకని వాడిన కాడలను వెంటనే కోయవద్దు. మొక్క గుబురైతే మూడేళ్ళకొకసారి దుంప విడదీసి, జానెడు ఎడంతో నాటుకోవాలి.

తొలకరి పడ్డాక మా మడిలో పిలకలు తీస్తాను. కావలసిన సభ్యులు తడిగుడ్డ తెచ్చుకొని వస్తే ఇస్తాను.