దేవతార్చన పెట్టెలో జురాసిక్ సముద్రం

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల కొండలను ఎంత తొలిచినా అమ్మోనైట్ శిలాజం ఒక్కటి కూడా దొరకదు. ఇక్కడి ఖోండలైటు, చార్నకైటు రాళ్లు సుమారు 100 కోట్ల ఏళ్ల కిందట భూగర్భంలో విపరీతమైన వేడికి ఉడికి గట్టిపడ్డవి. చుట్టలు తిరిగిన పెంకుతో సముద్రాల్లో ఈదిన అమ్మోనైట్లు పుట్టింది ఆ తర్వాత ఎంతో కాలానికి. 6.6 కోట్ల ఏళ్ల కిందట, డైనోసార్లతో పాటే, అవి అంతరించాయి. అయినా ఈ రెండు జిల్లాల్లో తరతరాలుగా అమ్మోనైట్లున్న ఇళ్లు ఎన్నో. అవి దేవతార్చన పెట్టెలో సాలగ్రామాలుగా ఉన్నాయి. వాటిని పూజా వస్తువులుగానే కాక, ఉత్తరాంధ్ర కుటుంబాలు తమకు తెలియకుండానే కూడబెట్టిన శిలాజ సేకరణలుగా కూడా చూడాలి. ఆ సేకరణలకు ఇప్పుడు అన్నిటికంటే ముందు కావలసింది రాతపూర్వకమైన చరిత్ర.

సాలగ్రామాలు నేపాల్‌లోని ముక్తినాథ్ ప్రాంతంలో, గండకీ నదిలో దొరుకుతాయి. భారతదేశం ఆసియాను ఢీకొనక ముందు అక్కడ టెథిస్ సముద్రం ఉండేది. సుమారు 15 కోట్ల ఏళ్ల కిందట చచ్చి అడుగున పడ్డ అమ్మోనైట్ల చుట్టూ నల్లటి బురద గట్టిపడి ఉండలు కట్టింది. హిమాలయాలు లేచాక నది ఆ ఉండలను కోసి, దొర్లించి, నునుపు చేసింది. ఈ రాతిపొరలను భూవిజ్ఞానులు స్పితి షేల్ అంటారు. వాటి శిలాజాలపై విక్టర్ ఊలిగ్ రాసిన బృహద్గ్రంథాన్ని 1903-1910 మధ్య భారత భూవిజ్ఞాన సర్వే ప్రచురించింది. సాలగ్రామంలో మనం చక్రమనేది అమ్మోనైట్ పెంకు గీతల అచ్చు. వజ్రకీటమనే పురుగు రాయిని తొలిచి చక్రాలు చెక్కిందని పురాణగాథ. ఆ ఆకారం ఒక ప్రాణి వల్ల వచ్చిందని గుర్తించడమే నాకు గొప్పగా కనిపిస్తుంది. ఆంధ్రలోనూ అమ్మోనైట్లు లేకపోలేదు. గోదావరి ప్రాంతపు రాఘవాపురం షేల్‌లో, ప్రకాశం జిల్లా బుదవాడ దగ్గర వాటి ముద్రలు దొరికాయి. కానీ పూజకెక్కింది గండకీ రాయే.

స్థానికంగా పుట్టే అవకాశమే లేదు కనుక, ఈ జిల్లాల్లోని ప్రతి సాలగ్రామం వెనకా ఒక ప్రయాణం ఉంది. అలాంటి ప్రయాణాల్లో కాశీయాత్ర ఒకటి. యాత్రికుడు ఏనుగుల వీరాస్వామయ్య 1830-31లో కాశీయాత్ర చేసి, పూరీ మీదుగా శ్రీకాకుళం సీమ గుండానే మద్రాసు చేరారు. విజయనగరం రాజులకు కాశీ భేలూపురంలో భవనమే ఉండేది. 1890లలో ఈ తీరానికి రైలు వచ్చాక యాత్ర సామాన్యులకూ అందింది. అయితే సాలగ్రామానికి వెల కట్టకూడదన్నది శాస్త్రం. వెల లేనిదానికి రసీదు ఉండదు. చేతి నుంచి చేతికి, తండ్రి నుంచి కొడుక్కి వచ్చిన రాయి కథ నోటి మాటగానే మిగిలి, ఆ నోరు మూగబోయిన రోజున పోతుంది.

రాయి కూడా పోతుంది, నెమ్మదిగా. బంగారు మెరుపున్న సాలగ్రామాన్ని హిరణ్యగర్భమంటారు. ఆ మెరుపు చాలావరకు పైరైటుది, అంటే ఇనుము, గంధకం కలిసిన ఖనిజానిది. గాలిలో తేమ 60 శాతం దాటితే పైరైటు ఆమ్లంగా, తెల్లటి పొడిగా మారి రాయిని పగలగొడుతుంది. మన తీరంలో అంత తేమ మామూలే. పంచామృతంలోని పెరుగు పులుపు రాతిలోని సున్నపు భాగాన్ని కొద్దికొద్దిగా తింటుంది. అభిషేకం మానమని నేననను. అయ్యాక మంచినీళ్లతో కడిగి, నూలుగుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరనిచ్చాకే పెట్టెలో పెట్టాలి. ఇత్తడి సామానుతో పాటు చింతపండేసి తోమడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. నిజమైనదో కాదో తేల్చడానికి భూతద్దం చాలు. అసలు చక్రంలో గీతలు బయటి అంచుకు వెళ్తూ రెండుగా చీలుతుంటాయి, వాటి లోతు ఒకేలా ఉండదు. చెక్కినదైతే గీతలన్నీ ఒకే లోతు. రెజిన్ పోతదైతే తేలిక, పక్కన అచ్చు అతుకు కనిపిస్తుంది. చక్రం బయటికి కనబడనంత మాత్రాన నకిలీ అనుకోకూడదు. పగలని ఉండలో పెంకు లోపలే ఉండిపోతుంది.

దేవుణ్ని కొలిచి, తూచి, శిలాజమంటే పవిత్రత ఏమవుతుందని అడిగేవాళ్లున్నారు. అది భక్తి నుంచి వచ్చిన ప్రశ్న, గౌరవించాల్సిందే. కానీ సంప్రదాయం ఏనాడూ పరీక్షకు వెనకాడలేదు. ఒక చక్రముంటే సుదర్శనం, రెండైతే లక్ష్మీనారాయణం, పన్నెండు దాటితే అనంతం అని లెక్కపెట్టి పేరు పెట్టింది పురాణాలే. పంచాయతనంలో విష్ణువుకు గండకీ, శివుడికి నర్మద, వినాయకుడికి శోణ, అమ్మవారికి మన సువర్ణముఖి అని ఏ రాయి ఏ నదిదో చెప్పిందీ సంప్రదాయమే. సాలగ్రామానికి ప్రాణప్రతిష్ఠ అక్కర్లేదంటారు, అది స్వయంభువు కనుక. మనిషి చెయ్యి పడకుండా ఏర్పడిందనే భూవిజ్ఞానం కూడా చెబుతోంది. ఇక, ఇవన్నీ మ్యూజియానికి ఇచ్చేస్తే భద్రం కదా అనేవారితో నేను ఏకీభవించను. ఇంటి కథతో, ఇంటి పూజతో ఉన్న రాయికి చరిత్ర ఉంది. పేరు లేకుండా అద్దాల బీరువాలో చేరితే అది గండకీ గులకరాయే. పూజ చేసేవారు లేక గుడికి అప్పగించాల్సి వచ్చినా, దాని కథ రాసిన కాగితంతోనే అప్పగించాలి.

క్షీరాబ్ది ద్వాదశికి పెట్టె తెరిచినప్పుడు ఒక్కో సాలగ్రామానికీ ఫొటో తీయండి. కొలతలు, బరువు, చక్రాల సంఖ్యతో పాటు, ఎవరు ఎప్పుడు ఎక్కడి నుంచి తెచ్చారో ఇంటి పెద్దల్ని అడిగి, విడి కాగితం మీద రాసి, ఆ పెట్టెలోనే ఉంచండి. రాయికి మాత్రం ఏమీ అతికించవద్దు.