చెయ్యెత్తే ముందు

1979 అక్టోబరు 6, శనివారం. పోప్ రెండవ జాన్ పాల్‌ని చూడటానికి వాషింగ్టన్ వీధుల నిండా జనం. ఇవాళ ఆయన వైట్ హౌస్‌కి వెళ్తున్నారు. టీవీ కెమెరాల చూపంతా ఆయన మీదే. మీరు మాత్రం జనాన్ని తప్పించుకుంటూ కాన్‌స్టిట్యూషన్ అవెన్యూలోని పాలరాతి భవనంలోకి నడుస్తున్నారు. లోపల మీటింగు ఉన్న సంగతి బయటికి పొక్కలేదు. పై ఊళ్ల నుంచి వచ్చే సభ్యులకు వేర్వేరు హోటళ్లలో దిగమని ముందే కబురు వెళ్లింది. అందరూ ఒక్కచోట కనబడితే విలేకరులు పసిగడతారు.

మీరు అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ గవర్నర్లలో ఒకరు. దేశంలో డబ్బు ఎంత ఉండాలో తేల్చే చేతుల్లో మీదొకటి.

పొడవాటి బల్ల. ఛైర్మన్ కుర్చీలో పాల్ వోల్కర్, ఆరడుగుల ఏడంగుళాల మనిషి. పదవిలోకి వచ్చి సరిగ్గా రెండు నెలలు. బెల్‌గ్రేడ్‌లో ఐఎంఎఫ్ సమావేశాలు ముగియకుండానే వెనక్కి వచ్చేశారు.

ఎందుకింత తొందర? కొట్లోకి వెళ్తే మీకే తెలుస్తుంది. ధరలు ఏడాదికి 12 శాతం చొప్పున పెరుగుతున్నాయి. బంగారం ఔన్సు 400 డాలర్ల మీదికి ఎగబాకింది. డాలరు దాచుకున్నవాడు నష్టపోతున్నాడు, అప్పు చేసి కొన్నవాడు బాగుపడుతున్నాడు. సెప్టెంబరు 18న మీ బోర్డు, బ్యాంకులకు తానిచ్చే అప్పు మీద వడ్డీని అర శాతం పెంచి 11 చేసింది. నలుగురు ఔనన్నారు, ముగ్గురు కాదన్నారు. మార్కెట్టుకి ఆ ముగ్గురే కనిపించారు. వీళ్లకు వీళ్లకే పొసగడం లేదు, ఇంతకుమించి బిగించలేరని లెక్క వేసుకుంది.

ఇప్పుడు మీ ముందున్నది మరో అర శాతం కాదు. పద్ధతినే తిరగేసే ప్రతిపాదన.

న్యూయార్క్ లిబర్టీ స్ట్రీట్‌లో ఫెడ్‌కి ఒక ట్రేడింగ్ డెస్క్ ఉంది. అక్కడివాళ్లు ఫోనెత్తి ప్రభుత్వ బాండ్లు కొంటారు. డబ్బు ఎక్కడిది? అమ్మినవాడి బ్యాంకుకి ఫెడ్‌లో ఒక ఖాతా ఉంటుంది, అందులో అంకె పెంచుతారు. అంతే. క్షణం క్రితం ఆ డబ్బు ఎక్కడా లేదు. అదే బాండ్లు అమ్మితే అంకె తగ్గుతుంది, డబ్బు మాయమవుతుంది. 1979 నిబంధన ప్రకారం డిపాజిట్లలో కొంత వంతును బ్యాంకు రిజర్వుగా ఉంచి తీరాలి. అందుకే రిజర్వులు బిగిస్తే కొత్త అప్పు ఇచ్చే చెయ్యి వెనకాడుతుంది.

ఇన్నాళ్లూ డెస్క్‌కి మీరు చెప్పింది ఒక్కటే. బ్యాంకులు ఒకదానికొకటి ఒక్క రాత్రికి ఇచ్చుకునే అప్పు మీద వడ్డీని మేం చెప్పిన దగ్గర ఉంచండి అని. అది పైకి లేవబోతే డెస్క్ బాండ్లు కొని డబ్బు వదిలేది. పొలానికి తడి చాలలేదని ఎవరు కేకేసినా తూము ఎత్తేసే లస్కరులా పనిచేసింది మీ ఫెడ్.

ఇకనుంచి రిజర్వులు ఇంతే అని గీత గీస్తారట. వడ్డీ ఎటు పోతే అటు పోనిస్తారట. ఈ పద్ధతిలో రెండూ ఒకేసారి పట్టుకోవడం సాధ్యం కాదు. డబ్బు ఎంతో మీరు తేలిస్తే, దాని వెల మార్కెట్టు తేలుస్తుంది. ఇందులో మీకో వెసులుబాటు కూడా ఉంది. రేపు వడ్డీ భగ్గుమంటే, పెంచింది మేం కాదు, మార్కెట్టని చెప్పుకోవచ్చు. ఆ మాట పూర్తిగా నిజం కాదు. గీత గీసింది మీరే.

ఆ ఒక్క రాత్రి వడ్డీ ఎందాకా పోతుంది? ఖాయంగా చెప్పేవాళ్లు ఈ గదిలో లేరు. 11.5 నుంచి 15.5 దాకా పోనిద్దామంటున్నారు. నాలుగు శాతం వెడల్పు. ఇంతకుముందు అర శాతమే ఉండేది.

పేర్లు పిలుస్తున్నారు.

మీ అరచేతులు చెమర్చాయి.

మీ పేరు వచ్చింది.

ఔనంటారు. అందరూ ఔనంటారు.

సాయంత్రం ఆరింటికి వోల్కర్ విలేకరుల ముందుకొస్తారు. బ్యాంకులకు ఫెడ్ ఇచ్చే అప్పు మీద వడ్డీ, అంటే డిస్కౌంట్ రేటు, 12 శాతం. బ్యాంకులు బయట నుంచి అదనంగా సమీకరించే నిధుల మీద 8 శాతం రిజర్వు. ఆపైన ఆ గీత.

1980 మార్చి. ఒక్క రాత్రి వడ్డీ 17 దాటింది. అప్పుల మీద అధ్యక్షుడు కార్టర్ ప్రభుత్వం ఆంక్షలు పెట్టించింది. జనం కొనడం మానేశారు. డబ్బు మీ గీత కిందికి పడిపోయింది. ఇప్పుడేం చేస్తారు? గీత మీద నిలబడాలంటే వదలాలి. వదిలారు. జూలైకి వడ్డీ 9. ధరలు మాత్రం లొంగలేదు. మళ్లీ బిగించారు. డిసెంబరుకి 18 దాటింది.

టపాలో చెక్కముక్కలు వస్తున్నాయి. ఇళ్లు కట్టేవాళ్లు దూలాలు కోసి, వాటి మీదే రాసి పంపుతున్నారు. ఒకటి చేతిలోకి తీసుకోండి. ఇది ఏదో ఇంటి గోడలో ఉండాల్సిన చెక్క. 1981 అక్టోబరుకి ఇంటి అప్పు మీద వడ్డీ 18 శాతం దాటింది. ఎవరు కడతారు? ఎవరు కొంటారు? రైతులు ట్రాక్టర్లతో మీ భవనం ముందుకొచ్చి నిరసన తెలిపారు. వాళ్లెవరూ ఆ శనివారం గదిలో లేరు. ఓటు మీది, మూల్యం వాళ్లది. ద్రవ్యోల్బణాన్ని అణచక తప్పదనే నా నమ్మకం కూడా. కానీ ఈ చెక్కను తడిమి చూడకుండా ఆ మాట అనే హక్కు ఎవరికీ లేదు.

వదలమని కాంగ్రెసు సభ్యులు గద్దిస్తున్నారు. వదిలేస్తారా? 1980 గుర్తుంది. ఆగుతారు.

1982 ఆగస్టు. అప్పులు కట్టలేమని మెక్సికో చేతులెత్తేసింది. దానికి అప్పిచ్చినవాటిలో మీ పెద్ద బ్యాంకులూ ఉన్నాయి. బిగించిన పిడికిలి ఇప్పుడు మీ బ్యాంకుల పీకకే చుట్టుకుంటోంది. ధరల పెరుగుదల నెమ్మదించింది.

అక్టోబరులో మళ్లీ అదే బల్ల. గీతను పక్కన పెడదామని ప్రతిపాదన. వడ్డీ ఇప్పటికే దిగుతోంది, దిగనిద్దాం. ఔనంటారు.

డిసెంబరు లెక్కలు వచ్చాయి. ఏడాదిలో ధరల పెరుగుదల 3.8 శాతం. పని దొరకనివాళ్లు, పని చేయగల ప్రతి వందమందిలో దాదాపు పదకొండుగురు.