పాతబస్తీ అంగడి వీధులు

తెలంగాణ పల్లెలలో పెండ్లి నిశ్చయమైన యింట మొదట వినవచ్చు మాట "పట్నము పోయి సామాను తేవలెను" అనునది. ఆ పట్నము హైదరాబాదు. ఆ సామానునకు పేరుపడిన చోటు అనేక తరములుగా పాతబస్తీ. బట్టలకు పత్తర్‌గట్టి, వెండి బంగారములకు చార్‌కమాను, ముత్యములకు గుల్జార్ హౌజ్ పరిసరములు, గాజులకు లాడ్ బజారు. పత్తర్‌గట్టి రాతి కమానుల నీడన అంగడి తరువాత అంగడి చూచుచు నడచు పల్లెటి కుటుంబమునకు ఎండ తగులదు. వాన వచ్చినను తడియదు. అయినను ఆ దుకాణములు ఒకే వరుసలో, ఒకే ఎత్తున, ముందు వసారాతో ఎట్లు వెలసినవని ప్రశ్నించువారు అరుదు. అవి వాటంతటవి వెలసినవి కావు. ఎవరో కూర్చుండి ఆలోచించి నిర్ణయించిన ఫలమే ఆ నీడ.

అంగడి యనునది అమ్మువాని ఆశతోను కొనువాని అవసరముతోను పుట్టును. కాని అది ఎచ్చట నుండవలెను, బాటకు ఎంత చోటు విడువవలెను, మురుగునీరు ఎటు పోవలెను అనునవి ఆ యిద్దరు తమలో తాము తేల్చుకొనగల విషయములు కావు. అవి ఊరందరివి. పాతబస్తీ చరిత్ర ఈ సంగతిని నాలుగు వందల యేండ్లకు పైగా బోధించుచున్నది.

1591లో కుతుబ్‌షాహీ వంశమున అయిదవవాడైన మహమ్మదు కులీ కుతుబ్‌షా మూసీనదికి దక్షిణపుటొడ్డున క్రొత్త నగరమునకు పునాది వేసెను. గోలకొండ కోటలో జనము పెరిగి చోటు చాలకపోవుటయు నీటి కొరతయు ఇందులకు కారణములని చెప్పుదురు. అప్పటికే 1578లో కట్టబడిన పురానాపూల్ వంతెన నదిని దాటుటకు సిద్ధముగా నుండెను. రాజ్యమునకు పేష్వాయైన మీర్ మోమిన్ అస్తరాబాదీ నగర నిర్మాణమునకు రూపురేఖలు దిద్దెను. గోలకొండనుండి మచిలీపట్నపు రేవునకు పోవు వర్తకపు బాటపై చార్మినారును నిలిపి, అచ్చటినుండి నాలుగు దిక్కులకు నాలుగు రాజమార్గములను తీర్చిరి. ఆ మార్గముల వెంట 14,000 దుకాణములకు స్థలము ఏర్పరచిరనియు, వాటితో పాటు మసీదులకు, పాఠశాలలకు, స్నానశాలలకు, సత్రములకు చోట్లు కేటాయించిరనియు చరిత్ర గ్రంథములు చెప్పుచున్నవి. మరుసటి యేట చార్‌కమాను తోరణములు లేచినవి. వాటి నడుమ గుల్జార్ హౌజ్ నీటి తొట్టి.

ఇందు గమనింపదగినది సంఖ్య కాదు, క్రమము. మొదట బాట, తరువాత నీరు, ఆ పిమ్మట అంగడి. పదునేడవ శతాబ్దమున ఈ నగరమును చూచిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే ఇచ్చటి వీధులు విశాలములని మెచ్చుకొనెను. అయితే రాళ్లు పరవనందున దుమ్ముతో నిండియున్నవని కూడ వ్రాసెను. పొగడ్తను తెగడ్తను కలిపిన ఆ మాట నేటికిని అనేక వీధులకు వర్తించును.

కాలక్రమమున నగరము మొదటి కొలతలను మించి పెరిగినది. 1687లో గోలకొండ మొగలాయీల వశమయ్యెను. పదునెనిమిదవ శతాబ్దమున హైదరాబాదు అసఫ్‌జాహీల రాజధాని యయ్యెను. రాజధాని యైనంతనే కొలువువారు, సైనికులు, సాహుకారులు, చేతిపనివారు వచ్చి చేరిరి. దేవిడీల వెనుక గల్లీలు, గల్లీల వెనుక గుడిసెలు లేచినవి. మొదటి ప్రణాళికలో ఊపిరి పీల్చుటకై విడిచిన ఖాళీలు ఒక్కొక్కటిగా నిండిపోయినవి.

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగెను. నదీతీరపు పేటలు కొట్టుకొనిపోయినవి. వేలకొలది జనులు మరణించిరి; పదునైదు వేలమందికి తక్కువ గాదని సాధారణముగ చెప్పబడు లెక్క. మోక్షగుండం విశ్వేశ్వరయ్య 1909లో వచ్చి, వరద రాకుండ జలాశయములు కట్టవలెననియు, నదికి గట్లు పోసి తీరములను తోటలతో తీర్చవలెననియు సూచించెను. ఆ సూచనల ఫలితముగ 1920లో ఉస్మాన్‌సాగరు, 1927లో హిమాయత్‌సాగరు నీరు నింపుకొనినవి. వరద తరువాత ప్లేగు కూడ నగరమును పీడించెను. గాలి వెలుతురు లేని ఇరుకు పేటలే రోగమునకు నిలయములని అధికారులు గ్రహించిరి.

ఈ పరిస్థితులలో 1912లో ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ పాలనలో నగరాభివృద్ధి సంస్థ ఏర్పడెను. దీనినే ఆరాయిష్ బల్దా యనిరి. ఇరుకు బస్తీలను తొలగించుట, వీధులను వెడల్పు చేయుట, మోరీలు త్రవ్వుట, ఇండ్లు కట్టుట దీని పనులు. తరువాతి కాలమున నిజాము రెండవ కుమారుడు మొఅజ్జం జా దీనికి అధ్యక్షుడుగా నుండెను.

పత్తర్‌గట్టి ఈ సంస్థ చేతిపని. మదీనా చౌరస్తానుండి చార్‌కమాను వైపు పోవు బాటను వెడల్పు చేసి, ఇరుప్రక్కల నల్లరాతితో ఒకే తీరు కట్టడములను నిలిపిరి. క్రింద దుకాణములు, మీద నివాసములు. దుకాణముల ముందు కమానుల వసారా. వర్తకుడు తన యిచ్చ వచ్చినట్లు అరుగును వీధిలోనికి జరుపుటకు వీలు లేదు. జరుపవలసిన పనియు లేదు, ఏలయన గిరాకి నడచు దారియే అతని గుమ్మము. బండ్లకు నడి వీధి, నడచువారికి వసారా. ఈ చిన్న ఏర్పాటు వలననే ఆ వీధి తరములపాటు పల్లెలవారిని ఆకర్షింపగలిగినది.

మూసీకి ఉత్తరపుటొడ్డున ఇదే సంస్థ 1935లో మొఅజ్జంజాహీ మార్కెట్టును కట్టెను. అదియు రాతి కట్టడమే. నాలుగు బాటలు కలియు మూలను గడియార స్తంభము, దానికి ఇరువైపుల రెక్కలవలె మడిగెల వరుసలు. చాలకాలము శిథిలమగుచు వచ్చిన ఆ కట్టడమును తరువాత మరమ్మతు చేసి పూర్వరూపమునకు తెచ్చిరి. బాగుగ ఆలోచించి కట్టిన అంగడిని పడగొట్టనక్కరలేదని ఆ మరమ్మతు నిరూపించినది.

అయితే ఈ కథకు మరియొక ముఖము కలదు. వీధిని వెడల్పు చేయవలెనన్న అచ్చట నున్నవారిని లేపవలెను. రాతి మడిగె దొరకినది దానికి అద్దె చెల్లింపగలవానికే. గంపలో పూలు, పండ్లు పెట్టుకొని కూర్చుండునట్టి స్త్రీకి, భుజమున బట్టల మూట మోయువానికి ఆ కమానుల క్రింద హక్కుగల చోటు లేకపోయెను. అయినను వారు పోలేదు. చార్మినారు చుట్టును, మక్కా మసీదు ముందును వారి వ్యాపారము సాగుచునే యున్నది. రంజాను మాసమున రాత్రి అంతయు సాగు సందడిలో వారిది పెద్ద పాలు. ప్రణాళిక వారిని మరచినను బజారు వారిని మరువలేదు.

ఈ లోపమును దిద్దుటకు 2014లో పార్లమెంటు వీధి వర్తకుల చట్టమును చేసినది. పట్టణమున వర్తక సంఘ మొకటి యుండవలెననియు, అందు నూటికి నలుబదిమందికి తక్కువ కాకుండ వీధి వర్తకులు ఎన్నిక చేసికొన్న ప్రతినిధు లుండవలెననియు, వారిలో మూడవ వంతు స్త్రీలు కావలెననియు అది విధించుచున్నది. లెక్క తీసి పత్రము లిచ్చువరకు ఎవరిని లేపరాదని కూడ అందు కలదు. చోటు నిర్ణయించు సభలో చోటు లేనివానికిని ఆసనము వేసిన చట్ట మిది. దాని అమలు ఆయా పురపాలకుల శ్రద్ధను బట్టియు, వర్తకుల మెలకువను బట్టియు ఉండును.

మరియొక కట్టుబాటు 2010లో వచ్చినది. కేంద్ర సంరక్షణ నున్న ప్రాచీన కట్టడమునకు నూరు మీటరులలోపల క్రొత్త నిర్మాణము నిషిద్ధము. దాని కావల మరి రెండు వందల మీటరులలో అనుమతి లేనిదే కట్టరాదు. చార్మినారు పాదముచెంత మొదలగు లాడ్ బజారు ముఖభాగ మీ గిరిలోనికే వచ్చును. పాతగోడను బాగుచేసికొనుటకును అనుమతి పొందవలసి వచ్చుట వర్తకునికి కష్టమే. కాని ఆ గిరియే లేకున్నచో చార్మినారు ఎత్తు మేడల నడుమ చిక్కుకొనెడిది. మినారు కనుమరుగైన నాడు గాజుల కొట్టుకు వచ్చువారును తగ్గిపోదురు. ఆ గాజుల పనితనమునకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించినది.

క్రింద దుకాణము, మీద ఇల్లు అను పద్ధతి మంచిదే. కాపురమున్న వీధికి రాత్రియు కావలి యుండును. అయితే దానికిని ఒక నియమము కావలెను. 2025 మే 18న గుల్జార్ హౌజ్ సమీపమున ఇట్టి కట్టడ మొకటి తెల్లవారుజామున అగ్నికి గురియై, మీద నివసించు ఒకే కుటుంబమునకు చెందిన పదునేడుగురు మరణించిరి. వారిలో పసివారు పెక్కురు. ఇరుకైన దారి ప్రాణరక్షణకు పెద్ద అడ్డమయ్యెను. ఆనాడు నగరము కార్చిన కన్నీటి వెనుక నొక ప్రశ్న నిలచియున్నది: దుకాణమునకు ముందు తలుపు ఎంత వెడల్పుండవలెనో ఆలోచించినవారు, ఇంటికి వెనుక తలుపు ఉన్నదా యని అడిగిరా? అంగడికి చోటు నిర్ణయించుట సొగసునకు సంబంధించిన విషయము మాత్రమే కాదు, ప్రాణములకు సంబంధించినది.

ఈ చరిత్ర పట్నమునకే పరిమితము కాదు. నేడు బస్సు ఆగు ప్రతి గ్రామమునను బాట ప్రక్క మడిగెలు లేచుచున్నవి. సంత స్థలము ఏటేట కుంచించుకొనుచున్నది. గ్రామ పంచాయతీ ముందు అనుమతి కోరి వచ్చు కాగితము చిన్నది. దానిపై చేయు సంతకము మూడు తరములను బంధించును. పాతబస్తీని ఎరిగినవారు ఆ కాగితమును చూచి కొన్ని ప్రశ్నలు వేయుదురు. నడచువానికి దారి మిగిలినదా? నీరు పోవుటకు మోరి యున్నదా? మీద నుండువారు దిగుటకు రెండవ మార్గ మున్నదా? గంపతో కూర్చుండు అవ్వకు నీడ యేది?

ఈ ప్రశ్నలకు సమాధానము చెప్పి కట్టిన అంగడి ఊరికి అలంకారము. చెప్పక కట్టినది, మెరుపు ఎంత యున్నను, రేపటి తరము మోయవలసిన బరువు. మీర్ మోమిన్ మొదట బాటను గీచి తరువాత అంగడిని పెట్టెను. ఆ క్రమమును పాటించుటకు రాజు కానక్కరలేదు, రాజధాని యుండనక్కరలేదు. ఊరి మేలు కోరు నలుగురు ముందుగా కూర్చుండి ఆలోచించిన చాలును.