ఇవాళ్టికి చాలు

వాన పడుతుంటే న్యూయార్క్‌లో టాక్సీ ఎందుకు దొరకదు? దీనికి ముచ్చటైన జవాబొకటి చాలాకాలం చెలామణీ అయింది. వానలో బేరాలు ఎక్కువ కాబట్టి, డ్రైవరు ఆ రోజుకి అనుకున్న మొత్తం తొందరగా సంపాదించేసుకుని ఇంటికి వెళ్ళిపోతాడట.

ఈ జవాబు వెనకున్నది 1997లో వచ్చిన ఒక పేపరు. కాలిన్ కామెరర్, లిండా బాబ్‌కాక్, జార్జ్ లోవెన్‌స్టీన్, రిచర్డ్ థేలర్ కలిసి రాశారు. డ్రైవర్లు ప్రతి బేరానికీ నింపే ట్రిప్ షీట్లు తెచ్చుకుని లెక్కలు కట్టారు. గంటకి ఎక్కువ గిట్టిన రోజున తక్కువసేపు, తక్కువ గిట్టిన రోజున ఎక్కువసేపు నడుపుతున్నారని తేల్చారు. కొత్త డ్రైవర్లలో ఇది మరీ ఎక్కువ. పాఠ్యపుస్తకం దీనికి సరిగ్గా తలకిందులుగా చెబుతుంది. బేరాలున్న రోజు ఆలస్యంగా, లేని రోజు పెందలాడే ఇంటికి వెళ్తే, అవే గంటలకి ఎక్కువ డబ్బులొస్తాయి కదా.

మొదటిసారి చదివినప్పుడు నేనూ నవ్వుకున్నాను. ఒకటో తారీఖున జీతం పడేవాడికి ఇలాంటి నవ్వు తేలిగ్గానే వస్తుంది.

ఆ నవ్వు పాతదే. చేతినిండా కూలి ఇస్తే జనం పనికి రారనీ, సోమవారం కూడా సెలవు తీసుకుంటారనీ పద్దెనిమిదో శతాబ్దపు ఇంగ్లండులో పెద్దమనుషులు తెగ వాపోయారు. 1904-05లో మాక్స్ వెబర్ ఒక కోతకూలీ కథ చెప్పాడు. ఎకరానికి ఒక మార్కు చొప్పున రోజుకి రెండున్నర ఎకరాలు కోసి, రెండున్నర మార్కులు తీసుకునేవాడు. రేటు మార్కుంపావుకి పెంచారు. మూడెకరాలు కోసి మూడు మార్కుల ముప్పావు సంపాదిస్తాడనుకుంటే, రెండెకరాలు కోసి అవే రెండున్నర మార్కులు తీసుకుని ఇంటికెళ్ళాడు. ఎంత సంపాదించగలను అని కాదు, నాకు కావలసింది రావాలంటే ఎంత పని చెయ్యాలి అన్నదే అతని లెక్క. వెబర్ దీన్ని సంప్రదాయవాదం అన్నాడు. పెట్టుబడిదారీ విధానం మొట్టమొదట ఢీకొట్టాల్సి వచ్చింది ఈ మనస్తత్వాన్నేనన్నాడు.

పేరు మారినా రోగనిర్ధారణ మారలేదు. ఒకప్పుడు సోమరితనం, తర్వాత సంప్రదాయం, ఇప్పుడు బయాస్. ముగ్గురు వైద్యులూ మనిషి తలలోకే చూశారు. ఆ 'రోజు' అనే కొలత ఎక్కణ్ణుంచి వచ్చిందో చూద్దామని నాకనిపించింది.

న్యూయార్క్ మటుకు చూస్తే, గారేజీ డ్రైవర్లు ఒకప్పుడు ఉద్యోగులు. మీటరు మీద వచ్చినదాంట్లో వాళ్ళకి వాటా. బేరాల్లేని రోజున నష్టంలో యజమానికీ భాగం ఉండేది. 1979లో బండిని లీజుకివ్వడానికి అనుమతి వచ్చింది. అప్పట్నుంచి పన్నెండు గంటల షిఫ్టుకి ఇంత అని అద్దె కట్టాలి, పెట్రోలు సొంతంగా పోయించుకోవాలి, మిగిలింది తనది. అంటే రోజు సున్నా దగ్గర కాదు, అప్పులో మొదలవుతుంది. బోణీ బేరం గారేజీదే.

లావో షే 1936-37లో రాసిన 'రిక్షా బాయ్' నవల చదివినవాళ్ళకి ఈ లెక్క తెలుసు. పెకింగ్‌లో షియాంగ్‌జి రోజు అద్దెకి రిక్షా లాగుతూ, మూడేళ్ళు కడుపు కట్టుకుని సొంత బండి కొంటాడు. దాన్ని సైనికులు ఎత్తుకుపోతారు. రోజు అద్దె లేని ఒక్క రోజు కోసమే అతని యాతనంతా.

కట్టేసిన అద్దె ఎలాగూ తిరిగిరాదు, దానికీ మరో గంట నడపడానికీ సంబంధమేంటని ఎకనామిస్టు అడుగుతాడు. అడగాలి కూడా. కానీ ఆ 1997 పేపరులోనే ఇంకో మాట ఉంది, దాన్నెవరూ పెద్దగా చెప్పుకోరు. రోజువారీ టార్గెట్ మనిషి తనకి తాను వేసుకునే కళ్ళెం కావచ్చు. వారానికింత అని పెట్టుకుంటే, ఇవాళ తగ్గింది రేపు చూసుకుందాంలే అని జారిపోవచ్చు. రోజు లెక్కకి ఆ సందు లేదు. ఏటా జనవరిలో గోల్స్ రాసి డిసెంబరులో హడావిడి పడే మావాళ్ళు దీన్ని తెలివితక్కువతనం అనడం కొంచెం ఎక్కువే.

అసలు తమాషా తర్వాత జరిగింది. హెన్రీ ఫార్బర్ 2005లో 21 మంది డ్రైవర్ల షీట్లు చూసి, వాళ్ళు ఆపేది ప్రధానంగా గంటల్ని బట్టే, డబ్బుల్ని బట్టి కాదన్నాడు. 2009-13 మధ్య మీటర్లు ఎలక్ట్రానిక్‌గా నమోదు చేసిన ట్రిప్పులు దొరికాక, 2015లో మళ్ళీ చూశాడు. మొత్తం మీద, గిట్టుబాటైన రోజున డ్రైవర్లు ఎక్కువసేపే నడుపుతున్నారు. ఇక వానలో గంట సంపాదన అసలు పెరగనే పెరగదు. రోడ్డు మీద బళ్ళు తగ్గుతాయి నిజమే. టార్గెట్ అందుకుని కాదు, వానలో నడపడం చిరాకు కాబట్టి. ఆ ముచ్చటైన జవాబు వానకి నిలవలేదు.

ఈ వాదన జర్నల్స్‌లో నడుస్తుండగానే, రోజు అద్దె వద్దనుకున్న చాలామంది డ్రైవర్లు, ఎక్కువగా వలసవచ్చినవాళ్ళు, షియాంగ్‌జి చేసిన పనే చేశారు. అప్పుచేసి మెడాలియన్ కొన్నారు. 1937 చట్టం నుంచి పరిమితంగానే ఉంటూ వచ్చిన లైసెన్సు బిళ్ళ అది. 2014 నాటికి దాని ధర పది లక్షల డాలర్లు దాటింది. యాప్ కార్లొచ్చాయి, ధర కూలింది, అప్పు మిగిలింది. 2018లో కొందరు డ్రైవర్లు ఆత్మహత్య చేసుకున్నారు. 2021లో సిటీ హాల్ ముందు పదిహేను రోజులు నిరాహారదీక్ష జరిగాక ఒప్పందం కుదిరింది. అప్పు 1,70,000 డాలర్లకి దించి, నగరం హామీ ఉండి, వాయిదా నెలకి 1,122 డాలర్లు మించకూడదన్నారు.

ముప్పైతో భాగిస్తే రోజుకి 37 డాలర్ల 40 సెంట్లు. బోణీ నుంచి అక్కడిదాకా బ్యాంకుది.