బిడ్డ సైగ – తల్లి ముద్ద

“అడగనిదే అమ్మయినా పెట్టదు” అని మన సామెత. మరి మాటలు రాని బిడ్డ ఎట్లు అడుగును? ఆకలియైనచో నోరు తెరచి ముందుకు వంగును. గిన్నె వంక చేయి చాచును. చాలుననుకొన్నచో పెదవులు బిగించి ముఖము త్రిప్పుకొనును. ఈ సైగల నెరిగి తినిపించుట బిడ్డ దేహమునకే గాక బుద్ధికిని మేలు చేయునని నేటి పోషణశాస్త్రము చెప్పుచున్నది. ఆ మాటకు బలమైన సాక్ష్యము దొరకినది మరెక్కడనో కాదు, మఠంపల్లి నాడు చేరియుండిన నల్లగొండ జిల్లా పల్లెలలోనే.

అన్నప్రాశనము తరువాత తెలుగు ఇంట రెండు మార్గములు నడచినవి. ఒకటి గోరుముద్ద. తల్లి బిడ్డను చంకనెత్తుకొని, వాకిట నిలిచి, చందమామను చూపుచు, నోరు తెరచినప్పుడు చిన్న ముద్ద పెట్టును. అందు మాట కలదు, చూపు కలదు, తొందర లేదు. రెండవది ఉగ్గుగిన్నె. బిడ్డను చాచిన కాళ్లపై పరుండబెట్టి, ఏడ్చుచున్నను పోయుట. బూచివాని పేరు చెప్పి మ్రింగించుట దీనికి తోబుట్టువే. కనుక పూర్వాచారమంతయు మంచిదనుట గాని, అంతయు చెడ్డదనుట గాని పొసగదు.

పాశ్చాత్య దేశములలోను ఈ తగవు లేకపోలేదు. ఇరువదవ శతాబ్ది తొలినాళ్లలో న్యూజీలాండు వైద్యుడు ట్రూబీ కింగ్ గడియారమును చూచి పాలియ్యవలెనని బోధించెను. 1928లో అమెరికాలో క్లారా డేవిస్ అను వైద్యురాలు వేరొక పరిశీలనను ప్రకటించెను. శిశువుల ముందు పలు సహజాహారములుంచి, వారు చేయి చాచిన దానినే, కోరినంత మేరకే దాదులు అందించిరి. ఆ శిశువులు చక్కగా పెరిగిరి.

మన దేశమున 1918లో కూనూరులో మెక్‌కారిసన్ ఆరంభించిన పరిశోధనశాల 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థయైనది. 1975 అక్టోబరు 2న ఆరంభమైన పథకముతో అంగన్‌వాడీలు పల్లెలకు వచ్చినవి. అయినను, ఇంటిలో ముద్ద పెట్టు చేయి ఎట్లున్నదన్న ప్రశ్న మిగిలియే ఉన్నది.

ఆ ప్రశ్నను షహనాజ్ వజీర్, ఆమె సహచరులు నల్లగొండ జిల్లాలోని 60 గ్రామములకు కొనిపోయిరి. 600 మంది తల్లులను, వారి శిశువులను మూడు వర్గములు చేసిరి. మొదటి వర్గమునకు అంగన్‌వాడీ సేవలు మాత్రమే. రెండవ వర్గమునకు ఏ ఆహారము, ఎంత, ఎప్పుడు పెట్టవలెనో బోధించిరి. మూడవ వర్గమునకు అదియు, దానితోపాటు బిడ్డ సైగలకు స్పందించి తినిపించుట, ఆడించుట నేర్పిరి. శిక్షణ పొందిన గ్రామస్త్రీలే ఇండ్లకు పోయి చెప్పిరి. మూడవ నెల నుండి పదునైదవ నెల వరకు శిశువులను గమనించిరి.

2013లో ఫలితములు ప్రకటింపబడినవి. బోధన పొందిన రెండు వర్గములలోను బిడ్డల ఆహారము మెరుగుపడినది. రెండవ వర్గపు బిడ్డలు పొడవున కొంత మేలు పొందిరి. మూడవ వర్గమున ఆ మేలు స్పష్టముగా కానరాలేదు. కాని మానసిక వికాసపు పరీక్షలో, మొదటి వర్గముతో పోల్చగా, ముందు నిలిచినది మూడవ వర్గమే. ఆ ఘనత తినిపించు తీరుదా, ఆటదా అని విడదీయ వీలు లేదు. తల్లి ఒడిలో ఆ రెండును ఒకటే గదా!

1967లో నాగార్జునసాగరు కాలువలకు నీరు విడిచిన పిదప హుజూర్‌నగర్, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతములలో వరిపొలములు విస్తరించినవి. 2016 అక్టోబరు 11న మఠంపల్లి సూర్యాపేట జిల్లాలో చేరినది. జిల్లా మారినను, నాట్ల దినములలో తల్లి తెల్లవారకముందే పొలమునకు పోవుట మారలేదు. అప్పుడు ముద్ద పెట్టునది అవ్వయో, అక్కయో. తొందరలో నోరు నింపవచ్చును, లేదా చందమామకు బదులు సెల్‌ఫోన్ చూపవచ్చును. బిడ్డ తెరను చూచుచు మ్రింగును. తన కడుపు చెప్పు మాటను వినదు.

ధాన్యము ఇంటికి వచ్చినంత మాత్రమున పోషణ పూర్తి కాదు. గంజి పలుచనైనచో చిక్కబరుపవలెను. పప్పు, ఆకుకూర, గ్రుడ్డు చేర్చవలెను. అటుపైన బిడ్డకు ఎదురుగా కూర్చుండి, పలుకరించి, నోరు తెరచువరకు ఆగవలెను. ఇందుకు రూకలు అక్కరలేదు, కొంత తీరిక కావలెను. ఆ తీరికను తల్లికి కల్పించు బాధ్యత ఇంటిలోని మగవారిది కూడ. బిడ్డ అడుగుచునే యున్నది, మనము వినవలెను.