మూత్రపిండ వ్యాధి – స్త్రీ పురుష భేదం: ఒక శాస్త్ర చరిత్ర

1. పరిచయం

కీసర దగ్గర మున్నేరు దాటి నందిగామ, జగ్గయ్యపేటల వైపు సాగే నేలను కృష్ణా జిల్లా ప్రజలు ‘మెట్ట’ అంటారు. 1855లో విజయవాడ వద్ద కృష్ణానదిపై ఆనకట్ట పూర్తయిన తరువాత డెల్టాకు కాలువ నీరు అందింది. మెట్టకు మాత్రం చాలాకాలం వాన, చెరువు, బావి మాత్రమే ఆధారం. నాగార్జునసాగర్ ఎడమ కాలువ వచ్చిన తరువాత కూడా తాగునీటికి బోరుబావినే నమ్ముకున్న ఊళ్లు మిగిలాయి. ఈ మెట్టకు ఈశాన్యాన, తిరువూరు దారిలో ఉన్న ఎ.కొండూరు మండలంలోని లంబాడీ తండాలు మూత్రపిండ వ్యాధి కారణంగా వార్తలలోకి వచ్చాయి. 2022 ఏప్రిల్ నుంచి ఈ ప్రాంతమంతా ఎన్టీఆర్ జిల్లాలో భాగంగా ఉంది.

ఈ వ్యాధి గురించి చర్చ వచ్చినప్పుడు మొదట నీటి మాట వస్తుంది. అది సహజమే. అయితే దానితోపాటు అడగవలసిన మరొక ప్రశ్న ఉంది. స్త్రీ మూత్రపిండం, పురుషుడి మూత్రపిండం ఒకే విధంగా పనిచేస్తాయా? ఒకే రకంగా దెబ్బతింటాయా? వైద్యశాస్త్రం ఈ ప్రశ్నను ఎప్పుడు, ఏ క్రమంలో ఎదుర్కొన్నదో ఈ పాఠ్యభాగంలో తెలుసుకుందాం.

2. ఉద్దానం నుంచి ఎ.కొండూరు వరకు

ఆంధ్రప్రదేశ్‌లో మూత్రపిండ వ్యాధి ఒక ప్రాంతీయ సమస్యగా మొదట గుర్తింపు పొందింది శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, వజ్రపుకొత్తూరు తదితర తీర మండలాలు దీని కిందికి వస్తాయి. ఉద్యానం అనే మాటే ఉద్దానం అయిందని చెబుతారు. కొబ్బరి, జీడిమామిడి తోటలతో పచ్చగా ఉండే ఈ నేలలో గత రెండు మూడు దశాబ్దాలుగా వేలాది కుటుంబాలు ఈ వ్యాధి బారిన పడ్డాయి. ఇక్కడ జరిగిన రెండు పెద్ద సర్వేలలో పరీక్షించిన వయోజనులలో దాదాపు ఐదుగురిలో ఒకరికి దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి ఉన్నట్లు తేలింది. వారిలో చాలామందికి మధుమేహం, అధిక రక్తపోటు వంటి తెలిసిన కారణాలు కనిపించలేదు. 2023 డిసెంబరు 14న పలాసలో మూత్రపిండ వ్యాధుల పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి.

మధ్య అమెరికాలోని ఎల్ సాల్వడార్, నికరాగువా దేశాలలోనూ ఇటువంటి వ్యాధి ఉంది. అక్కడ దాని బారిన పడుతున్నది ఎక్కువగా చెరకు తోటలలో ఎండకు పనిచేసే పురుషులు. ఉద్దానంలో పురుషులతోపాటు స్త్రీలు కూడా పెద్ద సంఖ్యలో ఉన్నారు. ఈ తేడాకు పని, నీరు, వేడిమి ఎంతవరకు కారణం, శరీర ధర్మం ఎంతవరకు కారణం అనేది పరిశోధకుల ముందున్న ప్రశ్న. దీనికి సమాధానం కావాలంటే ముందుగా రోగులను సరిగా లెక్కించాలి. లెక్కకు ఆధారం రక్తంలోని క్రియాటినిన్.

3. కొలబద్ద చరిత్ర

కండరాలలోని క్రియాటిన్ అనే పదార్థం నుంచి క్రియాటినిన్ అనే వ్యర్థం పుడుతుంది. మూత్రపిండాలు దానిని వడపోసి బయటకు పంపుతాయి. వడపోత తగ్గితే రక్తంలో దాని మోతాదు పెరుగుతుంది. దీనిని రంగు మార్పు ద్వారా గుర్తించే రసాయన చర్యను 1886లో జర్మన్ శాస్త్రవేత్త మాక్స్ జాఫే వివరించాడు. 20వ శతాబ్ది ఆరంభంలో ఆటో ఫోలిన్ దానిని కొలత పద్ధతిగా మార్చాడు. క్రియాటిన్ కండరానికి ఎలా ఉపయోగపడుతుందో అర్థం కావడంలో ఒక తెలుగువాడి కృషి ఉంది. 1895లో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి కండరంలో శక్తిని నిల్వచేసే ఫాస్ఫోక్రియాటిన్‌ను కనుగొన్నారు. ఆ ఫలితం 1927లో వెలువడింది.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. సగటున పురుషులకు కండరం ఎక్కువ, కాబట్టి వారిలో క్రియాటినిన్ కూడా ఎక్కువగానే ఉంటుంది. అంటే స్త్రీ రక్తంలో తక్కువ అంకె కనిపించినా మూత్రపిండం బాగా ఉన్నదని అర్థం కాదు. 1976లో కాక్‌క్రాఫ్ట్, గాల్ట్ క్రియాటినిన్ అంకె నుంచి మూత్రపిండాల పనితీరును అంచనా వేసే సూత్రాన్ని ప్రకటించారు. అది మాంట్రియల్‌లోని మాజీ సైనికుల ఆసుపత్రిలో 249 మంది రోగుల ఆధారంగా తయారైంది. వారు దాదాపు అందరూ పురుషులే. స్త్రీలకు వచ్చిన ఫలితంలో 15 శాతం తగ్గించుకోవాలని సూచించారు. స్త్రీలను తగినంత మందిని పరీక్షించి రాబట్టిన అంకె కాదది. లోకమంతా వాడిన కొలబద్ద ఆ విధంగా పురుష శరీరం మీద తయారైంది.

తరువాతి సూత్రాలు స్త్రీలను కూడా చేర్చుకొని రూపొందాయి. 2021 నాటి సూత్రంతో ఒక ఉదాహరణ చూడండి. 45 ఏళ్ల పురుషుడికి, అదే వయసు స్త్రీకి క్రియాటినిన్ 1.2 మిల్లీగ్రాములు వచ్చిందనుకుందాం. లెక్క ప్రకారం పురుషుడి వడపోత వేగం సుమారు 76, స్త్రీది సుమారు 57. ఈ వేగం 60 కంటే తగ్గి మూడు నెలలకు మించి అలాగే ఉంటే దీర్ఘకాలిక వ్యాధిగా పరిగణిస్తారు. ఒకే అంకె ఉన్న రెండు కాగితాలలో ఒకటి వైద్యుడిని అప్రమత్తం చేయాలి. అంకెను మాత్రమే చూసి ‘పర్వాలేదు’ అని పంపేస్తే ఆ స్త్రీ లెక్కకు రాదు, చికిత్స ఆలస్యమవుతుంది.

4. క్రోమోజోములు

సుబ్బారావు పరిశోధన వెలువడిన 1927లోనే సెసిల్ ఆల్పోర్ట్ అనే వైద్యుడు ఒక బ్రిటిష్ కుటుంబం గురించి రాశాడు. ఆ కుటుంబంలో తరతరాలుగా మూత్రంలో రక్తం, చెవుడు కనిపించాయి. పురుషులు చిన్న వయసులోనే చనిపోయేవారు, స్త్రీలు చాలాకాలం బ్రతికేవారు. ఈ వ్యాధికి ఎక్కువ సందర్భాలలో కారణమయ్యే జన్యువు ఎక్స్ క్రోమోజోము మీద ఉన్నదని 1990లో తేలింది. పురుషుడికి ఎక్స్ ఒకటే. అందులోని జన్యువు చెడితే బదులు లేదు. స్త్రీకి రెండు ఉంటాయి. అయితే ఆమె ప్రతి కణంలో ఆ రెండింటిలో ఒకటి దాదాపుగా మూతపడి ఉంటుందని 1961లో మేరీ లయన్ ప్రతిపాదించింది. అందువల్ల ఈ కుటుంబాల స్త్రీల మూత్రపిండంలో కొన్ని కణాలు మంచి జన్యువుతో, కొన్ని చెడిన జన్యువుతో పనిచేస్తాయి. ఆ స్త్రీలను చాలాకాలం ‘వాహకులు’ అని మాత్రమే పిలిచారు. వారిలోనూ వ్యాధి ముదరవచ్చని ఇప్పుడు గుర్తించారు.

5. హార్మోన్లు, జన్యువుల చురుకుదనం

ఆల్పోర్ట్ వ్యాధిలో తేడా జన్యువులోనే ఉంది. జన్యువులు ఒకటే అయినా వాటి పనిలో తేడా ఉండవచ్చు. ఒకే పెద్దబాలశిక్ష ఇంట్లో అందరి చేతిలో ఉన్నా అందరూ ఒకే పుట తెరవరు. కణాలూ అంతే. ఏ కణంలో ఏ జన్యువు ఎంత చురుకుగా ఉంటుందనేదే ‘జన్యువుల చురుకుదనం’.

పురుష హార్మోను ఇస్తే ఎలుకల మూత్రపిండాలు పెరుగుతాయని 1939లో హాన్స్ సెల్యే చూపాడు. ఆ పెరుగుదల వెనుక జన్యువుల పాత్రను చూడగల సాధనాలు అప్పటికి లేవు. 2023లో ఆండ్రూ మెక్‌మహన్ బృందం ఎలుకలపై ప్రచురించిన పరిశోధన ఆ విషయాన్ని స్పష్టం చేసింది. ఆడ, మగ ఎలుకల మధ్య తేడాలు ఎక్కువగా సమీపస్థ నాళికలో, అంటే వడపోసిన ద్రవం నుంచి పనికొచ్చే పదార్థాలను తిరిగి పీల్చుకొనే మొదటి భాగంలో ఉన్నాయి. ఆ తేడాలు పుట్టిన 4 నుంచి 8 వారాల మధ్య స్థిరపడతాయి. పురుష హార్మోనును అందుకొనే గ్రాహకం ఆ కణాలలోనే ఉండి జన్యువులను నడిపిస్తుంది. మగ ఎలుకకు ఆహారం తగ్గిస్తే దాని మూత్రపిండంలోని జన్యువుల తీరు ఆడ ఎలుక తీరుకు దగ్గరవుతుంది. అంటే ఈ భేదం మార్పులేనిది కాదు.

ఎలుకలో కనిపించినదంతా మనిషికి వర్తించదు. మనిషి మూత్రపిండంలో ఇటువంటి తేడా కొద్ది జన్యువులకే కనిపించిందని అదే పరిశోధన చెబుతున్నది. ఉద్దానం వ్యాధి కూడా ప్రధానంగా నాళికలను, వాటి చుట్టూ ఉన్న కణజాలాన్ని దెబ్బతీస్తుంది కాబట్టి ఈ పరిశోధన మనకు ఆసక్తికరం. అంతమాత్రాన రెండింటికీ ముడిపెట్టి తీర్పు చెప్పడం తొందరపాటు.

6. శరీరంతోపాటు సమాజం

ప్రపంచవ్యాప్తంగా దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి స్త్రీలలో కొంత ఎక్కువ. వ్యాధి వేగంగా ముదిరి డయాలిసిస్‌కు చేరేవారిలో మాత్రం పురుషులు ఎక్కువ. హార్మోన్ల ప్రభావం దీనికి ఒక కారణం కావచ్చు. కానీ చికిత్స దాకా ఎవరు చేరగలుగుతున్నారన్నదీ కారణమే. భారతదేశంలో 1995–2021 మధ్య జరిగిన 36,640 అవయవ మార్పిడులలో స్త్రీలకు జరిగినవి 6,945 మాత్రమే. బ్రతికుండగా అవయవం ఇచ్చినవారిలో మాత్రం స్త్రీలే అధికం. ఈ అంతరాన్ని జన్యువులు వివరించలేవు. ఇంట్లో ఎవరి ఆరోగ్యానికి ముందు ఖర్చు పెడతారన్న ప్రశ్న ఇది.

7. సారాంశం

స్త్రీ పురుష మూత్రపిండాల భేదాన్ని శాస్త్రం మొదట కండర పరిమాణంగా, తరువాత క్రోమోజోముల తేడాగా, హార్మోన్ల ప్రభావంగా, చివరకు కణంలోని జన్యువుల చురుకుదనంగా అర్థం చేసుకుంది. కొలతలు పురుషుడిని ప్రమాణంగా తీసుకున్నంతకాలం స్త్రీల వ్యాధి కొంత మరుగున పడింది. ఉద్దానంలోనైనా, ఎ.కొండూరు తండాలలోనైనా మంచినీటితోపాటు సరైన లెక్క కూడా అవసరం. రక్తపరీక్ష కాగితం మీద క్రియాటినిన్ అంకె పక్కన వయసు, లింగం ప్రకారం లెక్కించిన వడపోత వేగం కూడా ఉన్నదా అని చూడటం అందులో మొదటి మెట్టు.

స్వయం మూల్యాంకన ప్రశ్నలు

1. ఒకే క్రియాటినిన్ అంకె స్త్రీ పురుషులలో వేర్వేరు అర్థాలను ఎందుకు ఇస్తుంది?
2. ఆల్పోర్ట్ వ్యాధిలో పురుషులు ఎక్కువగా దెబ్బతినడానికి కారణమేమి?
3. మూత్రపిండ వ్యాధిలో శారీరక భేదాన్ని, సామాజిక అసమానతను వేరుచేసి చూడవలసిన అవసరాన్ని చర్చించండి.